సారమ్మ కల్లం

తప్పు నాది, అందుకే బయల్దేరాను. తెల్లవాళ్ల కాలంలో వారెంటు తప్పించుకు తిరిగి, స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో మంత్రి అయిన ఒక పెద్దాయన మీద రెండువేల రెండులో పత్రికలో వ్యాసం రాశాను. పొదిలి దగ్గరి ఒక పల్లెలో, కరణంగారి మేడలో తలదాచుకున్నారని అందులో ఉంది. ఆ మేడలోనే భోంచేసి, వాళ్లు చెప్పిందే రాసుకొచ్చాను. ఆ ఊరి క్రైస్తవుల పాలెం నుంచి రూతమ్మ టీచరుగారు ఉత్తరం రాశారు. ఆయన్ని కాపాడింది వాళ్లమ్మ సారమ్మట. నా వ్యాసం చూసి ఊళ్లో శిలాఫలకం వేయిస్తున్నారు, ఆలోగా రమ్మన్నారు.

ఫిబ్రవరిలో ఒకరోజు, పొద్దున అయిదూ ముప్పావుకు గుంటూరులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే తొమ్మిదింటికి ఒంగోలు. బస్టాండు ఎదుట ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్లు. పొదిలి బస్సులో కుడివైపు కిటికీ జోలికి పోకండి. చీమకుర్తి దాటేదాకా ఎదురొచ్చే గ్రానైట్ లారీల దుమ్మంతా మొహానే. పక్కసీటాయన నేనెక్కడికో కనుక్కుని, "మేడ చూడండమ్మా, ఆయన కూర్చున్న కుర్చీ కూడా ఉంది" అన్నాడు.

పొదిలి నుంచి షేర్ ఆటోలో పన్నెండింటికి పాలెం చేరాను. కల్లంలో ఎండుమిరప. ఆడవాళ్లు కళ్లు మాత్రం కనిపించేలా ముక్కూ నోరూ గుడ్డతో బిగించి, వరుసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. రూతమ్మగారు వాళ్లను చూపించారు.

"అట్టాగే చీర కట్టి, మొహానికి గుడ్డ చుట్టి, మా అమ్మ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుందండి. పోలీసులు ఎదురుగా నిలబడి తుమ్మి తుమ్మి పోయారు. చేతులు మండి ఆయన ఏడ్చారంట."

ఆ ఊళ్లో వారం రోజులు చేతులు మండాయని, వ్యాసం కోసం కలిసినప్పుడు పెద్దాయనే నాతో అన్నారు. మేడలో కూర్చున్న మనిషికి చేతులెందుకు మండుతాయని నాకు తట్టనేలేదు. సిగ్గేసింది.

రాయి చీమకుర్తిలో చెక్కుతున్నారు. ఇద్దరం రెండున్నర బస్సులో వెళ్లాం. చెక్కే మస్తాన్ అప్పటికే మేడ సంగతి చెక్కేశాడు.

"ఇక చెరపలేమమ్మా. కావాలంటే ఆమె పేరు వెనకవైపు కొడతాను."

అక్కడి ఫోనులో, రాయి వేయిస్తున్న కమిటీ ప్రెసిడెంటు, "అట్టాగే కానీండి మేడమ్, ఇద్దరికీ సరిపోద్ది" అన్నాడు. సరే అనబోయాను. రూతమ్మగారు ఫోను లాక్కున్నారు.

"గోడకు ఆనించే రాయికి వెనకవైపు ఎవరు చూస్తారయ్యా? మా అమ్మ ఆయన్ని పోలీసుల ఎదురుగానే కూర్చోబెట్టింది!"

నాకూ పౌరుషం వచ్చింది. ఫోను తీసుకుని, "నేను రాసింది తప్పని నేనే పత్రికలో రాస్తున్నాను. ఆ తర్వాత కూడా నిలబెడతానంటే మీ ఇష్టం" అని పెట్టేశాను. మస్తాన్ మిషను ఆపేశాడు.

ఒంగోలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం.

"మీ పత్రికవాళ్లు వేస్తారంటారా?" అన్నారు రూతమ్మగారు.

"వేయకపోతే?"

"ఈసారి ఉత్తరం మీ ఎడిటరుకే."

ఏడింటికి ఒంగోలులో గుంటూరు బస్సెక్కి ఒళ్లో కాగితాలు పెట్టుకున్నాను. పెద్దాయన దేశానికి నాయకుడెలా అయ్యారో లోగడ నాలుగు పేజీలు రాశాను. ఆయన్ని పోలీసుల చేతికి చిక్కనివ్వని మిరప కూలి సారమ్మకు ఒక్క ముక్క రాయలేదు. ఎడిటరుగారికి ఉత్తరం అక్కర్లేకపోయింది. ఆ రాత్రి బస్సులో రాసిందే మీరిప్పుడు చదివారు.