మా అంబాసిడర్‌కు పెట్టించిన ఏసీ

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నరసరావుపేట తీసుకెళ్ళాల్సి వచ్చేది. మా ఊరు గురజాల దగ్గర. ఎండ తగిలితే మనిషి తట్టుకోలేడని, బండిలో చల్లగా తీసుకురమ్మని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. అప్పటికి మాఘమాసం సగం అయింది. ఎండలు ముదిరేలోపల ఏదో ఒకటి చెయ్యాలి. ఏసీ ఉన్న బండి అద్దెకు మాట్లాడతానన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

"మన బండి దిగి అద్దెబండి ఎక్కితే ఊళ్ళో ఏమనుకుంటారే? ఈయన పని అయిపోయిందనుకుంటారు."

మన బండి అంటే మా మామగారు కొన్న తెల్ల అంబాసిడర్. మా ఆయన సర్పంచిగా గెలిచినప్పుడూ ఓడినప్పుడూ అందులోనే తిరిగారు. ఎన్నికలొస్తే ఆ బండి ఎవరింటి ముందు ఎంతసేపు ఆగిందో చూసి, ఆ ఇంటి ఓట్లు ఎటువైపో ఊరు తేల్చేసేది.

ఇక ఆ బండికే ఏసీ పెట్టించాలి. దాన్ని ఎప్పటినుంచో చూస్తున్న మెకానిక్కు, పిడుగురాళ్ల సాయిబు గారు, లారీ కింద పడి నుజ్జయిన ఒక కారు నుంచి ఏసీ సామానంతా ఊడదీసి తెచ్చాడు. సామాను బాగుంది కానీ, అది మా బండికి కుదరాలంటే ముందు లైట్ల మధ్యనున్న జాలీ కోసి, పెద్ద రేడియేటరు కూర్చోబెట్టాలన్నాడు. లేకపోతే ముసలి ఇంజను ఏసీ బరువు మొయ్యలేక కాగిపోతుందట.

"జాలీ మీద చెయ్యేస్తే చెయ్యి నరుకుతా సాయిబూ. బండి మొహం మారిస్తే ఇంకేముంది?"

"నరికితే మీ బండి ఎవరు చూస్తారు సర్పంచి గారూ?"

ఇద్దరూ నవ్వుకున్నారు. జాలీ మాత్రం కొయ్యనివ్వలేదు.

ఆ ఏసీ పెట్టెలోనే హీటరు కూడా ఉంది. పల్నాడులో హీటరు ఎందుకు, తీసెయ్యమన్నాను.

"ఉండనీండమ్మా. జాలీ కొయ్యనీలేదుగా, రేపు ఇంజను కాగిద్ది. అప్పుడు ఏసీ ఆపి ఈ హీటరు తిప్పితే, ఇంజను వేడి కొంత బండిలోకి వచ్చేసి ఇంజను బతుకుద్ది. అప్పుడు మాత్రం అద్దాలు నాలుగూ దించాల. మర్చిపోబాకండి."

ఉగాదికి రెండు రోజుల ముందు బండి ఇంటికి వచ్చింది. వెనక సీటు దగ్గర చిన్న థర్మామీటరు వేలాడదీశాను. బయట నలభై ఉన్నప్పుడు లోపల ఇరవై ఏడు చూపించేది. అదైనా ఆయన అద్దం మూసి ఉంచినప్పుడే. ప్రతి సెంటర్లోనూ అద్దం దించి, దణ్ణం పెట్టినవాళ్ళందరికీ చెయ్యి ఎత్తేవారు.

"చల్లగాలంతా రోడ్డు పాలు చేస్తున్నారు" అనేదాన్ని.

"అద్దం మూసుకుని పోతే బలిసిందంటారే."

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం డయాలసిస్ చేయించుకుని తిరిగి వస్తున్నాం. పిడుగురాళ్లలో సున్నపురాయి లారీల మధ్య ఇరుక్కున్నాం. ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"అమ్మా, ఇంజను వేడి ముల్లు ఎర్రగీత దాటింది" అన్నాడు డ్రైవరు. "ఇంజను ఆపితే ఈ వేడికి మళ్ళీ అందుకోదు."

ఏసీ ఆపి హీటరు తిప్పాడు. వేడిగాలి కాళ్ళ దగ్గర మొదలై మొహానికి కొట్టింది. అతను తన అద్దం దించాడు, నేను నా వైపుది దించాను. మా ఆయన తన వైపు అద్దం పిడి పట్టుకుని కూర్చున్నారు.

"దించండి."

"దించను. అటు చూడు."

ఆ పక్క టీ కొట్టు ముందు, కిందటిసారి ఆయన మీద గెలిచిన మా ఊరి సర్పంచి నలుగురితో నిలబడి ఉన్నాడు.

"నన్ను ఇట్టా వాడు చూడకూడదు. మీ అద్దాలు కూడా ఎత్తండి."

డ్రైవరు నా వైపు చూసి తనది ఎత్తాడు. నేను ఎత్తలేదు. ఆయన తువ్వాలు మొహం మీదికి లాక్కున్నారు. లారీలు కదల్లేదు. థర్మామీటరు నలభై ఆరు దాటింది. ఇక చాలు, దించండి అన్నాను. పిడి మీద నుంచి చెయ్యి జారింది. తువ్వాలు తీస్తే కళ్ళు తేలేసి ఉన్నారు.

ఆయన మీదుగా వంగి ఆ అద్దం నేనే దించాను. టీ కొట్టు వైపు కేకేశాను.

"ఏంది వదినా?" అంటూ ఆ సర్పంచే ముందుగా పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్, అన్నని పట్టుకోండిరా." పక్కసందులో ఉన్న తన కార్లోకి ఎక్కించి, తనే నడుపుతూ మమ్మల్ని తిరిగి నరసరావుపేట చేర్చాడు.

సాయంత్రానికి మా ఆయన కళ్ళు తెరిచారు.

"ఎవరి బండి?"

చెప్పాను.

"ఆ బండికి అద్దాలు దించారా?"

"లేదు. ఏసీ చల్లగానే ఉంది."



తర్వాతి డయాలసిస్ నాడు ఆ సర్పంచి తన కారు మా గేటు ముందుకు పంపాడు. మా అంబాసిడర్ ఆ రోజే కాగి పాడై, ఇంజను విప్పి సాయిబు గారి షెడ్డులో ఉంది. మా ఆయన వరండాలో మంచం మీద నుంచి ఆ కారును చూశారు.

"పంపించెయ్యి. మన బండి వచ్చాక పోదాం."

ఆ వారమంతా పొద్దునా సాయంత్రమూ సాయిబు గారికి ఫోను చేశాను. ఇంజను సామాను దొరకలేదన్నాడు. ఒకరోజు తనే వచ్చి మంచం పక్కన కూర్చుని బతిమాలాడు. "ఏదో ఒక బండెక్కండి సర్పంచి గారూ." ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. కాళ్ళు వాచాయి, తర్వాత మొహం వాచింది. రెండో వారం మధ్యలో పోయారు.

పెద్దకర్మ అయ్యాక బండి వచ్చింది. ముందు జాలీ కోసి ఉంది. దాని వెనక పెద్ద రేడియేటరు కనిపిస్తోంది.

"అడక్కుండానే కోశానమ్మా" అన్నాడు సాయిబు గారు. "ఆయన తిడితే పడదామనుకున్నా."

ఆ మధ్యాహ్నమే డ్రైవరును పిలిచి, అద్దాలన్నీ ఎత్తించి, పిడుగురాళ్ల దాకా పోయి వచ్చాను. బయట నలభై రెండు. ముల్లు సగం దాటలేదు. వెనక సీటు దగ్గర థర్మామీటరు ఇరవై ఆరు చూపించింది.