గోడలు తీసేశాక ఫెలీ అక్క

శుక్రవారం సాయంత్రం ఫెలీ అక్క ఏసీ చలికి కప్పుకునే శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది. కుర్చీని బల్ల కిందికి నెట్టి, "నేను ముందు వెళ్తున్నా మరి," అంది. మా ఆఫీసులో ఎవరు ముందు లేచినా ఆ మాట చెప్పే లేస్తారు. ఉన్నవాళ్ళు "జాగ్రత్తగా వెళ్ళు" అనడం మర్యాద. ఆ రోజు మా బల్ల దగ్గర ఎవరూ అనలేదు. ఆమె కాసేపు నిలబడి, లిఫ్టు వైపు నడిచింది. ఆదివారం తెల్లవారకముందే, పాసిగ్‌లో చెల్లెలి ఇంట్లో, నిద్రలోనే ఆమె గుండె ఆగిపోయింది.

ఆమె పూర్తి పేరు ఫెలిసితాస్ మగ్‌బనువా. చిన్న వయసులోనే ఇలోఇలో నుంచి మనీలా వచ్చి, మా బీమా కంపెనీలో చేరి, అక్కడే జుట్టు నెరిసింది. ఇల్లు కాలినవాళ్ళు, పడవ మునిగినవాళ్ళు, మొగుడు పోయినవాళ్ళు ఫోన్ చేస్తే మాట్లాడేది ఆమే. ఇలోఇలో వాళ్ళ మాట మెత్తన. "అక్క తిట్టినా జోల పాడినట్టే ఉంటుంది, నిద్రొస్తుంది," అనేవాడు ఆర్నెల్. అక్క పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు నీటా పిల్లల్ని చదివించింది.

పాత ఆఫీసులో ఒకే గదిలో ఉండేవాళ్ళం, ఆమె, ఆర్నెల్, నేను, తర్వాత రిటైరైపోయిన ఒక పెద్దాయన. గదికి తలుపుండేది. మధ్యాహ్నం ఆమె డబ్బా మూత తియ్యగానే "రండి, తిందాం," అనేది. డబ్బా తెరిచినవాళ్ళు కంటికి కనబడ్డ ప్రతి మనిషినీ పిలవాలి. పిలుపు అందుకున్నవాళ్ళు "మీరు కానివ్వండి, కడుపు నిండుగా ఉంది" అనాలి. ఎక్కడైనా అంతే. మా గదిలో మాత్రం ఆర్నెల్ ఆ రెండో మాట ఎప్పుడూ అనలేదు.

"నీకు సిగ్గుందా? శుక్రవారం పెసల పులుసు సగం నువ్వే తింటావు."

"పిలిచింది నువ్వే కదక్కా! వద్దంటే బాధపడతావని తింటున్నా."

తర్వాత గోడలు తీసేశారు. రెండంతస్తుల మనుషుల్ని ఒకే అంతస్తులోకి తెచ్చి, పొడుగాటి తెల్ల బల్లల చుట్టూ కూర్చోబెట్టారు. అరవై మందిమి. "ఇక మన మధ్య అడ్డుగోడలుండవు, మనదంతా ఒకే కుటుంబం," అన్నారు మా మేనేజరు సర్ విల్‌ఫ్రేదో, మూలనున్న తన అద్దాల గది ముందు నిలబడి.

"కుటుంబమైతే ఆయనొక్కడికీ తలుపెందుకో," అన్నాడు ఆర్నెల్ నా చెవిలో. గోడలు తీసింది రెండో అంతస్తు అద్దె మిగుల్చుకోవడానికే అని నా అనుమానం. ఇప్పటికీ అదే నా అనుమానం.

బీరువా అంత ఇరుకైన ఫోన్ గది కూడా ఒకటి పెట్టారు, సొంత మాటలు మాట్లాడుకోవడానికి. దాని అద్దం భుజాల దాకా మసగ్గా ఉండేది. పైన తల ఒక్కటే కనబడేది.

గోడలు పోయాక మాకు గొంతులు పోయాయి. మొగుడు పోయిన మనిషి అవతల ఏడుస్తుంటే, ఫెలీ అక్క ఓదార్పు మాట అరవై మంది మధ్య చెప్పాల్సి వచ్చేది. గొంతు తగ్గిస్తే అవతలివాళ్ళు "వినబడటం లేదమ్మా" అనేవాళ్ళు. కొందరు తల ఎత్తకుండా తినడం నేర్చుకున్నారు. తల ఎత్తకపోతే ఎవరూ కనబడరు, ఎవర్నీ పిలవక్కర్లేదు.

అదే రోజుల్లో సర్‌కి అన్నీ తెలియడం మొదలైంది. "ఆర్నెల్, నీ బిడ్డకి జ్వరం తగ్గిందా?" అని ఒక రోజు. "వేరే కంపెనీ వాళ్ళు ఎంత ఇస్తామన్నారోయ్?" అని మరో రోజు, నవ్వుతూనే. ఆర్నెల్ ముఖం పాలిపోయింది. ఆ ఉద్యోగం ఇంకా వాడి చేతికి రాలేదు, ఉన్నది పోతే ఇంట్లో పసిబిడ్డ.

"ఎవరో మన మాటలు మోస్తున్నారు, ఇసింగ్," అన్నాడు నాతో. "మధ్యాహ్నం కాగానే ఫోన్ గదిలోకి ఎవరు పోతున్నారో చూశావా?"

చూశాను. ఫెలీ అక్క. రోజూ గుడ్డ సంచి పట్టుకుని వెళ్ళేది. మాకు వీపు తిప్పి నిలబడేది. వెనక నుంచి దవడ కదలడం కనబడేది.

"అంతసేపు ఎవరితో అక్కా?" అని అడిగాను.

"ఎవరున్నార్లే నాకు," అని నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆర్నెల్ ఒక ఉపాయం పన్నాడు. ఆమె పక్కన కుర్చీ వేసుకుని, "అక్కా, నీకొక్కదానికే చెప్తున్నా. నేను సెబూ బ్రాంచికి వెళ్ళిపోదామనుకుంటున్నా," అన్నాడు. అబద్ధం. మర్నాడు సర్ వాడి భుజం తట్టి, "సెబూలో ఉక్కపోత ఎక్కువోయ్," అన్నారు.

"చాలా? ఇంకా సాక్ష్యం కావాలా?" అన్నాడు ఆర్నెల్. చాలనుకున్నాం. ఆ హాల్లో ఒక్క మనిషికే ఒక మాట చెప్పడం ఎలా కుదురుతుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత ఆమె వస్తే మాటలు ఆపేసేవాళ్ళం. సాయంత్రం ఫలహారం తెప్పించుకుంటే ఆమె వాటా తెప్పించలేదు. ఒకసారి ఆమె ఆర్నెల్ దగ్గరికొచ్చి, "నావల్ల ఏదైనా తప్పు జరిగిందా, తమ్ముడూ?" అంది. "ఏం లేదు, మేడమ్," అన్నాడు వాడు. వాడు ఆమెను మేడమ్ అనడం అదే మొదలు. ఆమె తల ఊపి, వెనక్కి వెళ్ళి కూర్చుంది.

శవజాగారానికి ఇద్దరం వెళ్ళాం. వరండాలో, రాత్రంతా మేలుకోవడానికి, పేకాట, బిస్కెట్లు, కాఫీ. లోపల, శవపేటిక అద్దం కింద ఆమె ముఖం. నీటా మా చేతుల్లో వేడి గంజి గిన్నెలు పెట్టి, "తినండి, తినండి," అంది. అక్కడ కూడా నా అనుమానం ఊరుకోలేదు.

"మధ్యాహ్నాలు అక్క ఫోన్లో మాట్లాడేది మీతోనా?"

"ఫోనా?" అంది నీటా. "పగలు అక్క ఫోను తీసేదే కాదమ్మా, పని చెడుతుందని. నేను సాయంత్రం దాకా ఆగాల్సిందే."

"మరి ఆ ఫోన్ గదిలో..."

"అందులో తినేది కదా! మీకు తెలీదూ? 'అంతమంది కనబడుతుంటే డబ్బా ఎలా విప్పనే? పిలవకపోతే నాకు ముద్ద దిగదు, పిడికెడన్నం పట్టుకుని అరవై మందిని పిలిస్తే నవ్వరూ?' అనేది."

ఆర్నెల్ గిన్నె కింద పెట్టేశాడు.

"కూర్చోవడానికి చోటు కూడా లేదట అందులో," అంది నీటా. "నిలబడే తినేది."