గోడవైపు కుర్చీ

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఆ సామెత పుట్టించినవాడికి చెవుడు గురించి ఏమీ తెలియదు. శంఖం నాకు బాగానే వినిపిస్తుంది. లారీ హారన్ వినిపిస్తుంది. మా సూపర్‌వైజర్ తిట్లు ఇంకా బాగా వినిపిస్తాయి. వినిపించనిది మా పాప మాట. గొంతు అందుతుంది, మాట తెలియదు. బడి సంగతులేవో చెబుతుంటే ఊరికే తల ఊపేవాణ్ణి.

"నీకు చెప్పుడు కంటే గోడకు చెప్పుడు నయం," అంది నా భార్య ఒకరోజు, ఇక ఉండబట్టలేక.

సంగారెడ్డిలో చెవుల డాక్టరమ్మ దగ్గరికి పోయాను. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయట. రోజూ మోతలో పనిచేస్తే అవి చచ్చిపోతాయి, ముందు సన్నటి శబ్దాలే పోతాయి. "పోయినవి మళ్ల రావు. ఉన్నవన్న కాపాడుకో," అంది. గాలివానకు పడ్డ వరి కూడా కొంత లేస్తుంది, ఇవి లేవవు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

పటాన్‌చెరు దగ్గర రేకులు వంచే ప్రెస్ షాపులో పని నాది. మోత బయటికి రాకుండా ప్రెస్సులకు కవర్లు బిగించమని ఎప్పటి నుంచో అడుగుతున్నాం. సూపర్‌వైజర్‌ది ఒకటే జవాబు: "ఏటా చెవుల పరీక్ష చేయిస్తున్నాం కదయ్యా. అందరికీ బాగానే వినపడుతోంది. ఇంక కవర్లెందుకు?"

ఆయన అబద్ధమాడటం లేదు. అబద్ధం మాది. పరీక్షలో చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు, కూత వినిపించినప్పుడల్లా వేలెత్తాలి. కొండాపూర్ నుంచి వచ్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, షాపులో అందరికీ అన్నే. నేను చేరిన కొత్తలోనే నేర్పాడు: "చెవులను నమ్ముకోకు తమ్మీ. మీట నొక్కెటోని భుజం సూడు. భుజం కదిలితే వేలు లేపు." ఫెయిలైతే గేటు బయట పెడతారని అందరికీ భయం. అట్లా ఏటేటా మేమంతా కళ్లతో పాసయ్యాం.

ఈసారి నా వంతు రాగానే కుర్చీ ఎత్తి గోడవైపు తిప్పి కూర్చున్నాను.

"ఏంది, ఇటు తిరుగు," అన్నాడు పరీక్ష చేసే అతను.

"పరీక్ష చెవులకే గదా సార్. మొకంతోని ఏం పని?"

తలుపు దగ్గర నిలబడ్డ సూపర్‌వైజర్ అన్నాడు: "ఉద్యోగం సంగతి ఆలోచించుకో."

అది బాగానే వినిపించింది. భయమూ వేసింది. అయినా కదలలేదు.

మొదట కొన్ని కూతలు లావుగా వినిపించాయి, వేలెత్తాను. తర్వాత ఏమీ లేదు. అతను నొక్కుతూనే ఉండి ఉంటాడు. చేయి ఒళ్లోనే పెట్టుకుని సున్నం గోడను చూస్తూ కూర్చున్నాను. ఏ షిఫ్టులోనూ అంత కష్టపడలేదు.

లేచి చూస్తే సూపర్‌వైజర్ మొహం మాడిపోయి ఉంది. రేపటి నుంచి ప్యాకింగుకు పొమ్మన్నాడు. పోతానన్నాను. కవర్లు బిగించేదాకా ప్రతి ఏడూ ఇట్లాగే కూర్చుంటానని కూడా అన్నాను.

కుర్చీ మళ్లీ యథాస్థానంలో పెట్టబోయాను. తర్వాత కూర్చోవాల్సింది కొండాపూర్ అన్న. ఆయన ఏదో అన్నాడు, నాకు అందలేదు. ఏందన్నా అని అడిగాను. ప్రెస్సుల మధ్య అరిచినట్టే అరిచాడు, సూపర్‌వైజర్‌కూ వినపడేలా.

"కుర్చీ గట్లనే ఉండనీ, తమ్మీ."