బాకాలో పోసిన చెంబు నీళ్లు

బిందెను ఎంచినట్టు బాకాను ఎంచితే ఏమవుతుందో ఈ జిల్లా మొత్తంలో నా ఒక్కదానికే తెలుసు. నల్లమాడలో ఒక పెద్దమనిషి నెత్తిన విరుచుకుపడిన ఆ ప్రళయం కథ చెబుతాను. నవ్వితే నవ్వండి, లెక్కలో మాత్రం తప్పులు వెతకకండి.

అది 1979 వేసవి. ధర్మవరంలో మా నాయనకు పెళ్లిళ్ల బ్యాండు ఉండేది. నల్లమాడ భూస్వామి ఒకాయన కబురు పంపాడు: "మా పాప పెళ్లిలో ఈ పక్క ఎవురూ వినని వాద్యం మోగల్ల. లేదంటే కదిరి బ్యాండు ఉండనే ఉండాది."

ఆ బేరం పోతే ఆ ఏడు మాకు ఇంకో పెళ్లి లేదు. పెళ్లినాటి పొద్దున్నే బ్యాండును నేరుగా నల్లమాడకు పంపి, నాయనా నేనూ మడకశిర బస్సెక్కాం. అక్కడ దేవరాజు అనే మాజీ మిలిటరీ బ్యాండాయన తన పాత ఫ్రెంచి హారన్లు రెండు అమ్ముతున్నాడు. జిలేబీలా చుట్టిన ఇత్తడి బాకాలవి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"చిన్నదాన్ని డెస్కాంటు అంటారమ్మా. గొట్టం పొట్టి, గొంతు పైకి పోతాది" అన్నాడు.

"దీని వెడల్పాటి నోరు వెనక్కి ఉండాదేం?" అన్నాను.

"వెనకోళ్లు మాత్రం వినొద్దా?"

ఊది చూపించాడు. రెండూ నా చెవికి ఒకటే. నాయన నా వైపు చూశాడు. మా ఇంట్లో ఇత్తడి సామాను ఎంచేది నేనే. నేను ఎంచిన బిందె ఇంతవరకూ కారలేదు. నీళ్లు కావిడితో మోసుకొచ్చుకునే మా సీమలో కారే బిందె అంటే కొంప మునిగినట్టే.

మగవాళ్లు లోపల కాఫీకి కూర్చోగానే రెండింటినీ పెరటి బండ మీదికి తెచ్చాను. వేలి కణుపుతో కొట్టాను, ఖంగుమన్నాయి. తర్వాత తలొక చెంబు నీళ్లు పోశాను. పెద్దదానికి ప్రతి అతుకు దగ్గరా చెమట పట్టింది. చిన్నది చుక్క రాల్చలేదు.

"చిన్నదే తీసుకుందాం నాయనా. గట్టిది."

"ఎట్ల చెప్తావే?"

"పరీక్ష చేసినా."

ఒంపేటప్పుడే వచ్చింది చిక్కు. చిన్నదాంట్లో చెంబు పోస్తే ముప్పావు చెంబే తిరిగొచ్చింది. కారలేదు, ఒలకలేదు. మరి ఆ పావు చెంబు యాడికి పోయింది? నాకదే ధ్యాస. బస్సులో బాకాను ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను ఊపినట్టు ఊపాను. అటు తిప్పితే గుళగుళ, ఇటు తిప్పితే గుళగుళ. చుక్క రాలదు.

"ఏమే ఆ సప్పుడు?" అన్నాడు నాయన.

"మిలిటరీది కదా నాయనా, లోపల కవాతు చేస్తాంది."

నల్లమాడలో దిగేసరికి మెరవణి, అదే పెళ్లి ఊరేగింపు, కదలబోతోంది. మా ఓబులేసు, బ్యాండులో బాకా ఊదేవాడు, నా చేతిలోంచి దాన్ని లాక్కున్నాడు. ఊదితే హుక్కా పీల్చినట్టు మోగింది.

"ఇదేందక్కా, దీనికి పడిశం పట్టిండాది!"

"గట్టిగా ఊదప్పా! దాని గొంతు పైకి పోతాదంట!"

బుగ్గలు గుమ్మడికాయలు చేసి ఊదాడు. గొంతు పైకి పోయిందో లేదో గానీ, నీళ్లు మాత్రం వెనక్కి పోయాయి. సరిగ్గా వెనకే గంజిపెట్టిన తెల్లబట్టల్లో నడుస్తున్న భూస్వామి ముఖాన పడ్డాయి.

బ్యాండు ఆగింది. నాయన ముఖం పాలిపోయింది. భూస్వామి ముందు ఆకాశం చూశాడు. ఊరంతా ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. అప్పుడు బాకాను చూశాడు.

"ఏమప్పా, మూడేండ్లుగా పైనుంచి రాంది దీంట్లోంచి వస్తాంది. పెండ్లి కాంగానే నా శెనక్కాయ చేనుకాడికి తోలుకురా. ఇంకో పెండ్లికి గూడా మిమ్మల్నే పిలుస్తా గానీ, నేను మాత్రం ముందు నడుస్తా!"

ఊరు ఊరంతా గొల్లున నవ్వింది. నాయనకు ఊపిరొచ్చింది.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటుంటే నేను దగ్గరికి పోయాను. "అయ్యా, ఆ తువ్వాలు ఒకసారి ఇస్తారా? చెంబులోకి పిండి చూడల్ల, పావుకు సరిపోతాదేమో" అన్నాను. నాయన నా జడ పట్టుకుని వెనక్కి లాగాడు.

ఆనాడే ప్రమాణం చేశాను: నోటితో ఊదే ఏ వస్తువులోనూ ఈ జన్మలో నీళ్లు పోయను. పోసినా, తువ్వాలు ముందే అడిగి పెట్టుకుంటాను.