చదివి వినిపించని పేజీ

శుక్రవారం ఉదయం ఆరున్నరకి, ఒమాన్‌లో, సీబ్‌లోని తమ్ముడింటి నుంచి బయల్దేరి ఇబ్రి అనే ఊరికి బస్సెక్కాను. టికెట్టు నాలుగు రియాళ్లు. సంచిలో ఒక్క కాగితం.

అది మా ఇటలీ పెద్దాయన రాసింది. రోములో విలేఖరిగా మొదలై, యుద్ధాలు చూసి, పెద్ద పేరు తెచ్చుకుని, చివరికి వలస కూలీల చరిత్ర రాస్తానంటూ హైదరాబాదులో మకాం పెట్టారు. మన పల్లెల్లో ఆయనకు దుబాసీని నేనే. ఎవరేం చెప్పినా రాసుకుని, మళ్లీ వాళ్లకే చదివి వినిపించి, ఒప్పుకుంటేనే అచ్చుకిచ్చేవారు. మండుటెండలో ఈ చాదస్తం ఏమిటని ఎన్నిసార్లు పోట్లాడానో!

పోయినేడాది ఆయన పోయారు. చివరి పుస్తకాన్ని నేను తెలుగు చేస్తున్నాను. ఒమాన్‌కి ఒక్కరే వచ్చి, తనకొచ్చిన హిందీతో నెట్టుకొచ్చి రాసుకున్న ఒక పేజీ కింద మాత్రం 'చదివి వినిపించలేదు' అని ఉంది. ఆ చెప్పిన మనిషి కాదంటే పేజీ తీసేయాల్సిందే.

"ఫోటో కొట్టి పంపితే పోలా అక్కా?" అన్నాడు నా సంగతంతా విని, పక్క సీట్లో ప్రయాణిస్తున్న కడప డ్రైవరు.

"నువ్వూ బండి ఫోటో పంపు నాయనా, జనం ఎక్కుతారు."

దారిలో నిజ్వాలో బస్సు ఆగింది. అక్కడ తనే టీ తెచ్చిచ్చాడు.

పదకొండున్నరకి ఇబ్రి. ఆ పేజీలోని మనిషి, జగిత్యాల మేస్త్రీ సాయన్న ఎదురొచ్చి రూమ్‌కి తీసుకెళ్లాడు. అన్నం, పచ్చిపులుసు పెట్టి, "ఇగ సదువుండ్రి మేడం" అన్నాడు.

తెలుగులో చదివాను. ఫోన్లో కన్నకూతురే సాయన్నని "ఎవరు మీరు?" అని అడిగిన రోజు సంగతి. ఆఖరి వాక్యం: 'ఇది చెబుతూ సాయన్న ఏడ్చాడు.'

"తప్పు. నేను ఏడ్వలే. సారే ఏడ్సిండు."

"ఆయనా? ఇన్నేళ్లలో ఆ కళ్లు తడవడం నేను చూడలేదు!"

"ఆ దినం ఈడున్నది మీరా, నేనా? సారు వాళ్ల నాయన గూడ పరాయి దేశంల తాపీ పనేనట. ఇంటికొస్తే, చిన్నగున్న ఈ సారు 'అమ్మా, ఎవలో వచ్చిండ్రు' అన్నడట. గది చెప్పుకుంట ఏడ్సిండు. నా తువ్వాలే ఇచ్చిన."

"సరే, ఆ వాక్యం తీసేస్తాను."

"తీసుడెందుకు? ఎవలు ఏడ్సిండ్రో గది రాయుండ్రి."

మూడింటికి తిరుగు బస్సు. 'మీ పుస్తకాల్లో మీరెక్కడ?' అని పెద్దాయనతో జీవితమంతా వాదించాను. చరిత్ర రాసేవాడికి అందులో చోటు లేదనేవారు. దారి పొడవునా అవే రాళ్లగుట్టలు, అదే ఎండ. ఆఖరి వాక్యంలో సాయన్న పేరు కొట్టేసి, తండ్రి సంగతితో సహా పెద్దాయన పేరు రాశాను. నియమం నియమమే కదా, పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగి ఆయనకి మెల్లగా చదివి వినిపించాను.

ఇన్నేళ్లకు వాదనలో నేనే గెలిచాను. ఏం బాగాలేదు.