పరగడుపు వైద్యం

మా అమ్మ జాతరలు జరిగే ఆడి నెలంతా పెరియపాళయం అమ్మవారి పేరు చెప్పి పగలు ఏమీ తినేది కాదు. ఒక ఏడు కళ్ళు తిరిగి కూలబడితే తిరువళ్ళూరులో పేరున్న ఆసుపత్రికి తీసుకుపోయాను.

డాక్టరు నాడి చూడకముందే రక్తపరీక్ష, ఎక్స్‌రే, ఈసీజీ రాశాడు. "పొద్దున పరగడుపున రావాల," అన్నాడు. ఆ విషయంలో అమ్మకు మంచి అభ్యాసం ఉంది. రక్తం తీయగానే మళ్ళీ తూలింది. తూలిందని మంచమెక్కించి ఇంకో పరీక్ష రాశారు. అదీ పరగడుపునే.

"సార్, ఆమె ఉపవాసం ఉండాది. అందుకే తూలతా ఉండాది," అన్నాను.

"ఉపవాసమా? మంచిదే. పరీక్షకు సౌకర్యం," అన్నాడాయన.

మరునాటికి ఫలితాలన్నీ బాగున్నాయి, అమ్మ ఒక్కతే బాగాలేదు. ఆయనకు అది నచ్చలేదు. మద్రాసులో ఇంకా పెద్ద మిషను ఉందన్నాడు.

అమ్మ మంచం దిగింది. "యాడికీ రాను నాయినా. ఈ పరీచ్చలు ముగిసేలోపల నేను ముగిసిపోతాను. వీధి కొసన అమ్మవారి పందిట్లో అందరికీ రాగికూళు పోస్తా ఉండారు, పా పోదాం."

"మరి మొక్కు?"

"ఆయమ్మ పేరుతో పోసే కూళు తాగితే ఆయమ్మకే కోపమొస్తాదా? ఆయమ్మ నా రత్తం అడగలేదు గదా!"

రెండు చెంబుల రాగికూళు తాగి, బస్టాండుదాకా నాకంటే ముందు నడిచింది. ఎక్స్‌రే నేను మోశాను.