రెండు ఇంజన్లు, ఒకటే తొమ్మిది

శ్రీపతికి తొమ్మిది అంకె తప్ప మరేదీ అచ్చిరాదని నారాయణగూడలో ఒక అంకెల జ్యోతిష్కుడు చెప్పాడు. అప్పటినుంచి స్కూటరు నంబరు కూడినా తొమ్మిదే, ఫోను నంబరు కూడినా తొమ్మిదే. పెళ్లానికి కొత్త పేరు పెట్టలేదు, అదే మనోరమ చేసుకున్న పుణ్యం.

రిటైరయ్యాక ఆయన అశోక్‌నగర్ ఇంట్లో హాలు నిండా బల్ల వేసి, బొమ్మ రైలు పట్టాలు పరిచాడు. ఏటా నవరాత్రులకు మనోరమ బొమ్మల కొలువు పెట్టే చోటది. ఆమె తల్లి ఇచ్చిన మట్టి బొమ్మలు రెండేళ్లుగా అటకెక్కి ఉన్నాయి. 2012లో ఆమె ఇక ఊరుకోలేదు.

"నవరాత్రుల మొదటి దినం వాడకట్టు ఆడోళ్లను పిలుస్త. వాళ్ల ముందర మీ రైళ్లు సక్కగ నడిస్తె హాలు మీదే. లేకుంటె బల్ల తీసుడే."

"నడవకేం? ఇది డిజిటల్ కంట్రోలు. పట్టాలల్ల కరెంటు ఎప్పుడూ ఉంటది. ఒక్కో ఇంజన్ల ఒక చిప్పు, దానికో నంబరు. ఏ నంబరు నొక్కితె ఆ ఇంజనే కదుల్తది. నీకు సమజ్ కాదు, ముట్టకు."

"రెండో ఇంజను గూడ వస్తున్నది గద, రెండిటికీ ఏ నంబర్లు పెడ్తరు?"

"అవన్నీ నీకెందుకు?"

రెండో ఇంజను నవరాత్రులకు ముందురోజే వచ్చింది. రెంటినీ కలిపి నడిపి చూసే ఓపిక అంతటి మేధావికి ఎక్కడుంటుంది.

మొదటి రోజు ఆడవాళ్లంతా బల్ల చుట్టూ చేరారు. కొత్త ఇంజను స్టేషనులో ఆగి ఉంది, పాతది అదే పట్టా మీద, దానికి ఎదురుగా అవతలి కొసన ఉంది. శ్రీపతి గొంతు సవరించుకుని, పాతదాన్ని పిలుస్తున్నానని చెప్పి, తొమ్మిది నొక్కి మీట తిప్పాడు. రెండూ ఒకేసారి కదిలాయి. ఆయన కంగారులో మీట ఇంకా తిప్పాడు. రెండూ పరుగెత్తుకొచ్చి, నడి వంతెన మీద తలలు గుద్దుకుని కిందపడ్డాయి.

పక్కింటి నర్సింహమ్మ తాపీగా అడిగింది. "అన్నా, ఇది రైలా, పొట్టేళ్ల పందెమా?"

మనోరమ ఆయన చేతిలోని కంట్రోలరు లాక్కుని చూసింది.

"రెండిటికీ తొమ్మిదే పెట్టిన్రా?"

"వేరే అంకె నాకు అచ్చిరాదు గదనే."

"ఒకదానికి పద్దెనిమిది పెడితె ఏం పోయె? కూడితె తొమ్మిదే గద. స్కూటరుకు గట్లనె చూసుకున్నరు గద."

శ్రీపతి వంగి బల్ల కింద స్క్రూలు లెక్కపెట్టాడు. ఎనిమిది ఉన్నాయి, ఎనిమిది మంచిది కాదు, అందుకే బల్ల రేపు విప్పుతానన్నాడు. మనోరమ స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టి, అటక కింద స్టూలు వేసుకుంది.

"ఇయ్యాలనె విప్పున్రి. కొలువు తొమ్మిది దినాలుంటది. అది మీకు మస్తు అచ్చొస్తది."